హనుమకొండలో పీసీఓఎస్ ఆహార సలహా కేంద్రం: మూడు నెలల తర్వాత నా అభిప్రాయం

హనుమకొండ చౌరస్తా నుంచి ఆటోలో పది నిమిషాల దూరంలో, ఒక మందుల దుకాణం పైన మొదటి అంతస్తులో, పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే సమస్య) ఉన్న స్త్రీల కోసం నడుస్తున్న ఆహార సలహా కేంద్రం ఒకటి ఉంది. అక్కడ 4,500 రూపాయలు కట్టి మూడు నెలల ప్యాకేజీ తీసుకున్నాను. ఆ సొమ్ముకు వారు మొదటిరోజు గంటకు పైగా మాట్లాడి, మన ఇంటికి తగిన ఆహార పట్టిక రాసిస్తారు. పదిహేను రోజులకొకసారి పిలిచి చూస్తారు. ప్రతి ఆదివారం ఉదయం అందరినీ ఒకచోట చేరుస్తారు. పట్టిక కోసం డబ్బు కడుతున్నాననుకొని వెళ్లిన నేను, నిజానికి కట్టింది ఆ ఆదివారాలకేనని రెండో నెలలో గ్రహించాను. కేంద్రం పేరు, వీధి పేరు రాయకపోవడానికి కారణం కూడా ఆ ఆదివారాలే. వచ్చేవారిలో సగం మంది పెళ్లికాని అమ్మాయిలు. వారిలో కొందరు ఇంట్లో కంప్యూటర్ క్లాసుకని చెప్పి వస్తున్నారు.

నాకు 29 ఏళ్లు. కాజీపేటలో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. నెలసరి కొన్నిసార్లు యాభై రోజులకు, కొన్నిసార్లు డెబ్బై రోజులకు వచ్చేది. మూడేళ్ల క్రితం స్కాన్ తీసినచోట రిపోర్టు చేతికిస్తూ "గర్భసంచిల నీటి బుడగలున్నయమ్మా" అని ఒక్క మాట చెప్పి పంపించారు. ఆ మాట పట్టుకొని మా అమ్మ ఏడాది పాటు బుడగలు కరిగించే కషాయాల కోసం తిరిగింది. అవి గర్భసంచిలో ఉండవు, అండాశయాల్లో ఉంటాయి. పైగా అవి కరిగించవలసిన గడ్డలు కావు, ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన అండాల చిన్న సంచులు. 1935లో స్టైన్, లెవెంతాల్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు అండాశయాల రూపాన్ని బట్టి ఈ సమస్యను వర్ణించడం వల్ల పేరులో ఆ బుడగలు నిలిచిపోయాయి గానీ, 2003లో రోటర్‌డామ్‌లో నిపుణులు కుదుర్చుకున్న ప్రమాణాల ప్రకారం అండం సక్రమంగా విడుదల కాకపోవడం, పురుష హార్మోన్లు ఎక్కువగా ఉండడం లేదా వాటి గుర్తులు ఒంటిమీద కనిపించడం, స్కాన్‌లో అండాశయాలు ఆ రూపంలో ఉండడం అనే మూడింటిలో ఏ రెండు ఉన్నా, ఇతర కారణాలు లేవని తేలితే, పీసీఓఎస్ ఉన్నట్టే. కాబట్టి స్కాన్ మామూలుగా ఉన్నవారికీ ఇది ఉండవచ్చు, స్కాన్‌లో బుడగలు కనిపించిన ప్రతివారికీ ఇది ఉండకపోవచ్చు. ఈ సంగతి నాకు మొదటిసారి అర్థమయ్యేలా చెప్పినది ఈ కేంద్రంలోని డైటీషియన్ మేడమే. అంతకు ముందు, ఉదయాన్నే షేక్ తాగించే ఒక క్లబ్బులో 14,000 రూపాయలు పోసి నాలుగు కిలోలు తగ్గాను. మానేశాక అయిదు పెరిగాను.

మొదటి సంప్రదింపులో మేడం అడిగినది డాక్టరు రాసిన చీటీ. నెలసరి తప్పడానికి వేరే కారణాలున్నాయేమో తేల్చే థైరాయిడ్, ప్రొలాక్టిన్ పరీక్షలు చేయించని ఒక అమ్మాయిని నా కళ్లముందే "ముందు డాక్టరుకు చూపించుకొని రా అమ్మా, ఇది పీసీఓఎస్ అని చెప్పుడు నా పని కాదు" అని తిప్పి పంపించారు, రుసుము తీసుకోలేదు. మరోసారి పదిహేనేళ్ల కూతురిని తీసుకొచ్చిన తల్లికి, రజస్వల అయిన తొలి సంవత్సరాల్లో నెలసరి ముందువెనుకలు కావడం చాలామందిలో సహజమని, ఆ వయసులో స్కాన్ చూసి పీసీఓఎస్ అని ముద్ర వేయకూడదని, రజస్వల అయ్యాక ఎనిమిదేళ్ల వరకు నిర్ధారణకు స్కాన్‌ను వాడవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయని వివరించి, స్త్రీవైద్య నిపుణురాలి దగ్గరికి పంపారు. వచ్చిన డబ్బును వదులుకోగలిగిన చోట నాకు కొంత నమ్మకం కుదురుతుంది. గోడమీద ఆమె ఎంఎస్సీ పట్టా, రిజిస్టర్డ్ డైటీషియన్ ధ్రువపత్రం ఉన్నాయి. ఇలాంటి చోట్లకు వెళ్లేవారు ముందుగా చూడవలసినవి అవే.

తర్వాత నా నడుము కొలిచారు: 91 సెంటీమీటర్లు. మన ప్రాంతపు స్త్రీలకు 80 దాటితే జాగ్రత్తపడాలట. మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 5.8 ఉంది, అంటే మధుమేహపు గడపకు ముందున్న మెట్టు. మెడ వెనుక నల్లదనాన్ని మా పెద్దమ్మ పెసరపిండితో రుద్దమని చెబుతూ ఉండేది. ఆ నలుపు మురికి కాదని, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ అనే హార్మోన్ మాటను శరీరం వినకపోవడం వల్ల వచ్చే గుర్తు అని, అలా వినని శరీరం కోసం ఇన్సులిన్ మరింత ఊరుతుందని, ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాలను పురుష హార్మోన్ల వైపు తోస్తుందని మేడం ఒక కాగితంమీద గీసి చూపించారు. ఆ కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. ఆ తర్వాత ముందురోజు నేను తిన్నదంతా గుర్తుచేయించి రాసుకున్నారు. స్టాఫ్ రూములో తాగే రెండు టీలు, ఇంట్లో రెండు, ఒక్కోదానికి రెండేసి చెంచాలు. మొత్తం ఎనిమిది చెంచాలు, దాదాపు 40 గ్రాముల చక్కెర. రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలకు లెక్కలు చెప్పే నేను ఈ కూడిక ఒక్కరోజూ చేయలేదు.

పట్టిక విషయానికి వస్తే, అందులో ఓట్సు, క్వినోవా, బ్రొకోలి లేకపోవడం నాకు మొదట నిరాశ కలిగించింది. ఇంత డబ్బు కట్టి మా వంటింటి పదార్థాలే మళ్లీ చదువుకోవాలా అనిపించింది. రెండు వారాల తర్వాత అదే దాని బలమని తెలిసింది. పీసీఓఎస్‌కు ఫలానా ఆహారమే మిగతావాటికన్నా గొప్పదని చెప్పడానికి ఆధారం లేదని, మనిషి ఎక్కువకాలం పాటించగలిగే సమతులాహారమే మేలని 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు రెండు వేల కిలోకాలరీల పళ్లెంలో ధాన్యం 250 గ్రాములు, పప్పులు 85, కూరగాయలు 400 గ్రాములు ఉండాలని ఉంది. మా ఇంటి పళ్లెం సరిగ్గా దీనికి తలకిందులు: అన్నం కుప్ప, దానిపక్కన వేలెడంత కూర, పైన పచ్చిపులుసు. మేడం చేసిన పని ఆ పళ్లెంలో వాటాలు మార్చడమే. అన్నం రెండు గరిటెలు, కూర అంతకు రెట్టింపు, పప్పు లేదా గుడ్డు తప్పనిసరి. గంగవాయిలి కూర పప్పు, పుంటికూర, తోటకూర, సొరకాయ, బీరకాయ, వారానికి రెండుసార్లు చేప. సాయంత్రం బిస్కెట్ల బదులు బొబ్బెర గుడాలు లేదా పెసర గుడాలు, అంటే ఉడికించిన గింజలు.

మాంసకృత్తుల లెక్క నాకు నచ్చింది. కిలో బరువుకు 0.83 గ్రాముల చొప్పున 68 కిలోల నాకు రోజుకు 56 గ్రాములు కావాలి. ఒక గుడ్డుకు ఆరు గ్రాములు, 30 గ్రాముల పెసర్లకు ఏడు, ఇలా కూడుకుంటూ పోతే నా పాత భోజనం సగం దగ్గర ఆగిపోయింది. ఉదయం రెండు ఇడ్లీలు, చట్నీతో బడికి పోయి పదకొండు గంటలకు చాక్‌పీసు పట్టుకున్న చేయి వణకడానికి కారణం అప్పుడు తెలిసింది.

మన దగ్గర చిరుధాన్యాలమీద ఉన్న భక్తిని కూడా ఆమె కాస్త సరిచేశారు. జొన్నలో పీచు బియ్యంకన్నా ఎంతో ఎక్కువ, నిజమే. అయితే నాలుగు జొన్నరొట్టెలు తిని పప్పు ముట్టకపోతే ప్రయోజనం తక్కువ. రాగిపిండిని మెత్తగా విసిరి, పలుచగా జావ కాచి, బెల్లం వేసి తాగితే రక్తంలో చక్కెర వేగంగానే పెరుగుతుంది. ఆ రాగి సంకటిగా, పప్పుతోనో కూరతోనో తింటే పెరుగుదల నెమ్మదిస్తుంది. బియ్యం మానలేనివారికి మన వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048 రకం, కొంత మెరుగని చెప్పారు. అయితే "మెరుగంటే పళ్లెం నింపుకొమ్మని కాదు" అని వెంటనే కలిపారు. బెల్లం దగ్గర మాత్రం పెద్ద గొడవే జరిగింది. చక్కెర విషం, బెల్లం అమృతం అనే నమ్మకం మా బృందంలో పదిమందికి ఉంది. ఇన్సులిన్ దృష్టిలో రెండింటికీ పెద్ద తేడా లేదని మేడం అనగానే, ములుగు నుంచి వచ్చే ఒక అక్క "మరి మేడారం బంగారం సంగతేంది మేడం, సమ్మక్క తల్లి ప్రసాదం కాదంటమా?" అని, మేడారం జాతరలో బంగారమని పిలిచే బెల్లం గురించి నిలదీసింది. ప్రసాదాన్ని ప్రసాదంలాగా, చిటికెడు నోట్లో వేసుకొమ్మని, డబ్బా నింపి నెలంతా టీలో వేసుకుంటే అది ప్రసాదం కాదని జవాబు. అక్క ఒప్పుకోలేదు గానీ, డబ్బా మాత్రం అత్తగారింటికి పంపించేసిందట.

ఆదివారాల గురించి కొంచెం నిదానంగా రాయాలి. ఉదయం ఆరుంబావుకు పబ్లిక్ గార్డెన్‌లో కలుస్తాం. ఒక్కోసారి భద్రకాళి బండ్ మీద. నలభై నిమిషాల వేగపు నడక, తర్వాత కూర్చుని లేచే వ్యాయామాలు, నీళ్ల సీసాలే బరువులుగా చేతుల కసరత్తు. వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు పని ఉండాలన్నది లెక్క. ఆదివారం దానికి పునాది, మిగతా రోజుల బాధ్యత మనది. ఆ తర్వాత కేంద్రం హాలులో చాప పరుచుకొని కూర్చుంటాం. పద్నాలుగు నుంచి పద్దెనిమిది మంది వస్తారు: హసన్‌పర్తి నుంచి ఒక టీచరక్క, పరకాల నుంచి డిగ్రీ చదివే చెల్లె, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసే నర్సు, పిల్లల కోసం ఆరేళ్లుగా తిరుగుతున్న జనగామ వదిన. వంతులవారీగా ఒకరు ఇంటినుంచి ఒక వంటకం తెచ్చి, ఎంత పిండికి ఎంత నూనె వేశారో చెప్పాలి. ఆ చెప్పడంలో అబద్ధాలు బాగానే దొర్లుతాయి. సర్వపిండికి రెండు చెంచాల నూనె చాలని ఎవరైనా అంటే మా నవ్వు కింద మందుల దుకాణం దాకా వినిపిస్తుంది.

హాలులో ఒక స్టీలు డబ్బా ఉంది. అడగడానికి సిగ్గుపడేవారు ప్రశ్న కాగితంమీద రాసి, పేరు లేకుండా అందులో వేస్తారు; మేడం తీసి చదువుతారు. గడ్డంమీద వెంట్రుకలు తీస్తే మరింత మందంగా వస్తాయా? పెళ్లిచూపుల్లో చెప్పాలా, దాచాలా? డాక్టరు రాసిన గర్భనిరోధక మాత్రలు వాడితే ఇక పిల్లలు పుట్టరా? ఈ చివరి ప్రశ్న నేనున్న మూడు నెలల్లో నాలుగుసార్లు వచ్చింది. ఒక అమ్మాయి మాత్రల పట్టీని వాళ్లమ్మ చూసి పారేసిందట. ఆ మాత్రలు నెలసరిని క్రమపరచడానికి, పురుష హార్మోన్ల ప్రభావాన్ని తగ్గించడానికి ఇస్తారని, మానేశాక గర్భధారణకు అడ్డు కావని, నెలలతరబడి రక్తస్రావం లేకుండా వదిలేస్తేనే గర్భాశయపు లోపలి పొర మందమై ప్రమాదం పెరుగుతుందని, 90 రోజులు దాటినా నెలసరి రాకపోతే ఆగకుండా డాక్టరు దగ్గరికి పోవాలని మేడం చెప్పారు. మోతాదుల గురించి మాత్రం ఒక్క మాట మాట్లాడరు. శరీరం ఇన్సులిన్ మాట వినడానికి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవారు విటమిన్ బీ12 పరీక్ష గురించి డాక్టరును అడగమనడం వరకే ఆమె హద్దు.

"పెండ్లైతే అదే సక్కగైతది" అనే మాట వినని మనిషి ఆ చాపమీద లేదు. ఆ మాటను ఎవరు, ఎప్పుడు, ఏ ముఖంతో అన్నారో ఒక్కొక్కరూ చెప్పుకొంటూ పోయిన ఆదివారం, పట్టికలూ గ్రాములూ పక్కకు పోయాయి. జనగామ వదిన పెళ్లై తొమ్మిదేళ్లు. "నాకు సక్కగైందా మరి?" అని ఆమె అడిగినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. పరకాల చెల్లె లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. ఈ సమస్య ఉన్నవారిలో దిగులు, ఆందోళన ఎక్కువగా కనిపిస్తాయి కాబట్టి నిర్ధారణ అయినవారందరినీ మానసికంగా కూడా పరీక్షించాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి. నన్ను చూసిన ఏ ఆసుపత్రిలోనూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. చాపమీద మాత్రం అడిగే అవసరమే రాలేదు. ఆ తర్వాతి వారం నుంచి మేడం ఒక కౌన్సెలర్‌ను నెలకొకసారి రప్పిస్తున్నారు.

బతుకమ్మ రోజుల్లో ఈ బృందం విలువ ఇంకా బాగా తెలిసింది. పండుగకు వారం ముందు కేంద్రంవారు ఒక ముద్రించిన కాగితం పంచారు: మొలకల సలాడ్, కీర ముక్కలు, చక్కెర లేని పాయసం. సద్దుల బతుకమ్మనాడు మలీద ముద్దలు (రొట్టెలో బెల్లం కలిపి చేసేవి), పెరుగు సద్ది, పులిహోర సద్ది, నువ్వుల సద్ది పెట్టుకొని వాయినాలు ఇచ్చిపుచ్చుకొనే చోట కీర ముక్కలు పట్టుకొని నిలబడమనడం మా ఊరి ఆడబిడ్డలెవరూ చేయగల పని కాదు. టీచరక్క ఆ కాగితాన్ని మడిచి, "మేడం, ఇది మీరు రాసింది కాదు, ఎక్కడిదో తెచ్చిండ్రు" అంది. మేడం ఒప్పుకున్నారు. అప్పుడు అందరం కూర్చుని మా పద్ధతి మేము రాసుకున్నాం: సద్దులన్నీ ఉంటాయి, ఒక్కోటి పిడికెడు, నువ్వుల సద్ది, పల్లి సద్ది ముందు తినాలి, మలీద ఒక్క ముద్ద చివర, ఆరోజు మధ్యాహ్నం అన్నం వద్దు, పప్పు, కూర చాలు, సాయంత్రం బతుకమ్మ చుట్టూ గంటసేపు వంగుతూ లేస్తూ చప్పట్లు కొట్టడాన్ని ఆనాటి వ్యాయామంగా రాసుకోవచ్చు. పద్మాక్షి గుట్ట దగ్గర నాకు బృందంలోని ఆరుగురు కలిశారు. మలీద ఒక్క ముద్దతో ఆగినవాళ్లం ఇద్దరం.

ఇక లోపాలు. మొదటి నెలలో బరువు తూచే యంత్రం హాలు మధ్యలో ఉండేది, సహాయకురాలు అంకెను పైకి చదివేది. ఆ అంకె వినలేక ఒక అమ్మాయి రెండు వారాలు రావడం మానేసింది. మేం గట్టిగా చెప్పిన తర్వాత యంత్రం లోపలి గదికి మారింది. పీసీఓఎస్ స్త్రీల కోసమే పెట్టిన చోట ఇది మేం చెప్పాక మారవలసిన సంగతి కాదు. రెండో లోపం ఇంతకన్నా పెద్దది. పట్టికల మూసంతా బరువు తగ్గించడం చుట్టూ తయారైంది. రాత్రి డ్యూటీలు చేసే నర్సు సన్నని మనిషి, 48 కిలోలు. సన్నగా ఉన్నవారికీ పీసీఓఎస్ వస్తుంది. ఆమెకూ అందరితోపాటే అన్నం తగ్గించారు. రెండు నెలల్లో మూడు కిలోలు తగ్గి, నెలసరి ఇంకా దూరం జరిగింది. ఆమె ఆదివారం అందరిముందు అడిగాకనే పట్టిక మార్చి, డ్యూటీ వేళల ప్రకారం భోజనాలు పెంచారు. పూర్తి రుసుము తీసుకున్నవారు ఆ తేడాను మొదటిరోజే గమనించి ఉండవలసింది.

మూడోది బల్లమీద వరుసగా పెట్టిన ప్రొటీన్ పొడి డబ్బాలు. కొనమని ఎవరూ ఒత్తిడి చేయలేదు గానీ, ప్రతి పునఃసమీక్షలోనూ వాటి ప్రస్తావన వచ్చేది. జాతీయ పోషకాహార సంస్థ తన 2024 మార్గదర్శకాల్లో అలాంటి పొడులు వద్దనే చెప్పింది. ఒక్క డబ్బా ధరకు ఎన్ని నెలల గుడ్లు వస్తాయో నేను బోర్డుమీద లెక్క వేసి చూపిస్తే మేడం నవ్వి ఊరుకున్నారు. డబ్బాలు అక్కడే ఉన్నాయి. వాట్సాప్ గ్రూపు కూడా అంతంతమాత్రమే. తగ్గకముందు, తగ్గిన తర్వాత అని ఫొటోలు పెట్టకూడదనే నియమం బాగుంది గానీ, సోయా మానండి, పాలు మానండి, ఫలానా గింజలు పదిహేను రోజులు నమలండి అనే ఫార్వర్డులకు జవాబు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా సగం మంది గింజలు కొనేస్తారు. లిఫ్టు లేదు, మెట్లు ఇరుకు. అపాయింట్‌మెంట్లు పగలు పది నుంచి ఆరు మధ్యే కాబట్టి ఉద్యోగాలు చేసేవారు సెలవు పెట్టక తప్పదు.

నా వరకు ఫలితం ఇది. బరువు 68 నుంచి 64.5కు వచ్చింది, అంటే సుమారు అయిదు శాతం. ఆ మాత్రం తగ్గినా మేలు కనిపించవచ్చని చెప్పారు. నడుము 86. చివరి మూడు నెలసరులు 41, 37, 36 రోజులకు వచ్చాయి. గడ్డంమీది వెంట్రుకల్లో ఏ మార్పూ లేదు. వాటికి చికిత్స తీసుకున్నా ఆరు నెలలైనా పడుతుందని, ఆహారం ఒక్కదానితో పోవని మేడం మొదటిరోజే చెప్పారు కాబట్టి దానికి నేను మార్కులు తగ్గించడం లేదు. మొటిమలు కొంచెం తగ్గినట్టు అమ్మ అంటుంది. అమ్మ మాటను లెక్కలోకి తీసుకోలేను.

4,500 రూపాయలు అందరూ కట్టగలిగినవి కావు. వైద్య పరీక్షల వరకు ప్రభుత్వ దారి ఉంది: 2023 మార్చి 8న కరీంనగర్‌లో ప్రారంభమైన ఆరోగ్య మహిళ కార్యక్రమం కింద మంగళవారాలు స్త్రీలకు మాత్రమే కేటాయించిన క్లినిక్‌ల సేవల్లో పీసీఓఎస్ కూడా ఉంది, మా టీచరక్క పరీక్షలన్నీ ఆ దారిలోనే చేయించుకుంది. డాక్టరు రాసిన చీటీ, రిపోర్టులు అలా సంపాదించుకొని ఇక్కడికి వస్తే ఖర్చు సగం తగ్గుతుంది. సన్నగా ఉన్నవారు ఆ సంగతి మొదటి సంప్రదింపులోనే చెప్పి, పట్టికలో అన్నం ఎందుకు తగ్గించారో అడగాలి. ప్రొటీన్ పొడి డబ్బాల వైపు చూడనవసరం లేదు.

ప్యాకేజీ ముగిశాక కేంద్రంవారు మరో మూడు నెలలకు పొడిగించుకోమన్నారు, నేను ఒప్పుకోలేదు. పట్టిక నాకు కంఠతా వచ్చేసింది. ఆదివారాలకు మాత్రం వేరే రుసుము పెట్టమని మేం ఎనిమిది మందిమి కలిసి అడిగితే నెలకు 300 రూపాయలని నిర్ణయించారు. వచ్చే వారం వంట వంతు నాది. గంగవాయిలి కూర పప్పు తీసుకువెళ్తున్నాను, నూనె రెండు చెంచాలు.